తల్లి భుజం నొప్పిని చూసిన కొడుకు



ధ్యానం కొరకు వాక్యభాగాలు: నిర్గమకాండము 35:25-35, లూకా 13:10-17. ముందుగా బైబిలు తెరిచి ఈ రెండు భాగాలూ చదువుకొని రండి. తర్వాత మనం ఒక మనిషి చరిత్ర తెలుసుకుందాం.

మన కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలుస్తాయి. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. ఈ నీళ్ల మీద జరిగిన పెద్ద పనుల సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాం. మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లు కాలువల్లో పారి బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. చెరకు ఉంది కాబట్టి 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. దాని చిమ్నీ పొగ చూసి పెళ్లిళ్లు కుదుర్చుకున్న కాలం ఒకటి ఉండేది. 2015లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది.

ఇవన్నీ పైనుంచి వచ్చిన పనులు. నవాబు ఆజ్ఞ, సర్కారు ఖజానా, విదేశాల్లో చదువుకున్న ఇంజనీర్లు. అలాంటి పనుల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. ఈ దినాన మనం చెప్పుకోబోయే పని అలాంటిది కాదు. అది ఒక చేనేత ఇంట్లో, ఒక తల్లి భుజం దగ్గర మొదలైంది.

ఆసు పోయడం అంటే

నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట అనే పల్లె ఉంది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వస్తుంది. అక్కడి చేనేత కుటుంబాలు పోచంపల్లి చీరలు నేస్తాయి. పోచంపల్లి చీర అందం ఎక్కడుందంటే, బట్ట నేసిన తర్వాత దాని మీద బొమ్మ అద్దరు. నేయకముందే నూలుపోగులను లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కట్లు కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ పోగులు మగ్గం మీద పక్కపక్కన చేరినప్పుడే బొమ్మ బయటపడుతుంది. ఒక్క పోగు లెక్క తప్పినా బొమ్మ చెదిరిపోతుంది. ఈ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ కట్లు కట్టాలంటే ముందు నూలును ఒక క్రమంలో చుట్టి పెట్టాలి. దానినే ఆసు పోయడం అంటారు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. మనిషి కూర్చొని దారం పట్టుకొని, చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఆడిస్తూ, ఒక్కో మేకుకు లెక్క ప్రకారం దారం తగిలిస్తూ పోవాలి. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని.

లెక్క వినండి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు ఆడించాలి. దానికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. ఒక్కోసారి చెయ్యి ఒక మీటరు దూరం కదిలిందనుకున్నా, ఒక్క చీరకే చెయ్యి 9 కిలోమీటర్లు నడిచినట్టు. కాళ్లతో నడిస్తే పొలమైనా దాటుతాం, సంతకైనా చేరుతాం. ఆ చెయ్యి మాత్రం కూర్చున్న చోటనే ఉండి అంత దూరం నడుస్తుంది. అదీ కళ్లు దారం మీదనుంచి తీయకుండా, మనసులో లెక్క తప్పకుండా.

చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఏండ్ల తరబడి ఈ పని చేశారు. ఆమె భుజం, మోచేయి నొప్పితో పట్టేసేవి. నొప్పి అని పని ఆపితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. ఆ ఇంటి కష్టం ఇది. నిజానికి ఆ వాడలో ప్రతి ఇంటి కష్టమూ ఇదే. అందరి ఇంట్లో ఉంది కాబట్టే దానిని ఎవరూ వింతగా చూడలేదు.

ఏడేండ్ల పని

మల్లేశం గారు 1972లో పుట్టారు. ఇంటి పరిస్థితి వల్ల చదువు బడి మధ్యలోనే ఆగి, మగ్గం పనిలో పడ్డారు. ఇంజనీరింగ్ కాలేజీ గడప ఆయన తొక్కలేదు. 1992లో, ఇరవై ఏండ్ల వయసులో, అమ్మ చెయ్యి చేసే పనిని ఒక యంత్రంతో చేయించాలని మొదలుపెట్టారు.

యంత్రం తయారుచేసేవాడికి ముందు నమూనా ఉండాలి. ఆయనకు ఏ నమూనా లేదు. లోకంలో ఎక్కడా ఆసు యంత్రం లేదు. ఉన్న నమూనా ఒక్కటే, అది అమ్మ చెయ్యి. ఆ చెయ్యి ఎలా లేస్తుంది, ఎక్కడ తిరుగుతుంది, మేకుకు దారం ఎలా తగిలిస్తుంది, తర్వాతి మేకుకు ఎప్పుడు జరుగుతుంది అని ఒక్కో కదలికనూ విడదీసి చూడాల్సి వచ్చింది. మనకు అది ఒకే పని. యంత్రానికి అది నాలుగైదు వేర్వేరు పనులు. ఒక కదలికకు ఏర్పాటు చేస్తే ఇంకోటి కుదరదు. అది కుదిరితే మొదటిది చెడుతుంది. చేతిలో డబ్బున్నప్పుడు ఒక భాగం చేయించడం, డబ్బయిపోతే ఆపడం, మళ్లీ కూడబెట్టి ఇంకో భాగం చేయించడం. ఇలా ఏండ్లు గడిచాయి.

అప్పులు పెరిగాయి. పని చూసుకోక ఈ పిచ్చేమిటని అన్నవాళ్లున్నారు. చివరికి బతుకుదెరువుకు హైదరాబాదు చేరి కరెంటు పనుల్లో కుదిరారు. అక్కడ కూడా సంపాదించిన దాంట్లో కొంత ఆ యంత్రానికే పోయింది. అన్నీ కుదిరినా చివరి కదలిక ఒక్కటి మాత్రం కుదరలేదు.

1999లో బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు పని మీద వెళ్లినప్పుడు, అక్కడ నడుస్తున్న ఒక మిషన్‌లో ఒక కదలిక ఆయన కంట పడింది. తాను ఏండ్లుగా వెతుకుతున్నది అదే అని అర్థమైంది. ఆ వర్క్‌షాపులో ఆ మిషన్‌ను రోజూ చూసేవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్లకు అది మామూలు మిషన్. ఆయన కళ్లకు మాత్రం అందులో అమ్మ చెయ్యి కనబడింది. వెంటనే ఆ పద్ధతిలో భాగం చేయించి అమర్చారు. ఆ ఏడే యంత్రం నడిచింది.

నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోయింది. చెయ్యి ఆడించే పని మోటారుది. మనిషి పక్కన నిలబడి చూసుకుంటే చాలు. తర్వాత ఎలక్ట్రానిక్స్ కూడా సొంతంగా నేర్చుకొని యంత్రాన్ని మెరుగుపరిచారు. రకరకాల డిజైన్లకు పోగుల లెక్క మార్చుకునే వీలు కల్పించారు. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. మొదట ఒక్క ఇంటి కోసం చేసినది వందల ఇండ్లకు చేరింది.

పల్లెల్లో ఇలాంటి చేతిపనివాళ్లను వెతికి వెలుగులోకి తెచ్చే పల్లె సృజన సంస్థ, దాని వ్యవస్థాపకులు బ్రిగేడియర్ పోగుల గణేశం గారు ఆయనకు అండగా నిలిచారు. 2009లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పురస్కారం వచ్చింది. 2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ అనే సినిమా వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు.

నేర్పు ఎవరి వరం?

కొందరు సహోదరులు అడగవచ్చు. ఆయన మన సంఘస్థుడు కాదు కదా, వాక్య ధ్యానంలో ఆయన చరిత్ర ఎందుకని.

నిర్గమకాండము చూడండి. దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన మొదటి మనిషి ప్రవక్త కాడు, యాజకుడు కాడు, రాజు కాడు. బెసలేలు అనే పనివాడు. బంగారం, వెండి, ఇత్తడి పని, రాయి చెక్కడం, కర్ర పని తెలిసినవాడు. అతనితో దాను గోత్రికుడైన అహోలీయాబును కూడా నియమించి, ఇతరులకు నేర్పే మనసును కూడా దేవుడు వాళ్లకు ఇచ్చాడు. కుట్టుపని, రంగునూలు పని, నేత పని అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. దానికి కొంచెం ముందే, తమ చేతులతో నూలు వడికి నీలం, ధూమ్రం, ఎరుపు రంగుల నూలు తెచ్చిన స్త్రీల మాట కూడా ఉంది. ప్రత్యక్ష గుడారం ప్రసంగాలతో లేవలేదు. ఆడవాళ్లు వడికిన నూలుతో లేచింది. వాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల చేతులు మాత్రం వాక్యంలో నిలిచిపోయాయి.

నేర్పు దేవుడిచ్చే వరమైతే, ఆ వరం సంఘం గోడల లోపలనే దొరకాలని మనం గిరి గీయలేం. సూర్యుణ్ణి, వానను అందరి పొలాల మీదికీ పంపే తండ్రి ఆయన. మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి కట్టాలనుకున్నప్పుడు, ధనసహాయం చేసినవారిలో ముఖ్యుడు నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు. స్పర్శ కోల్పోయిన చేతుల కోసం ఒక మిషనరీ, ఒక హిందూ పెద్దమనిషి కలిసి నిలబడ్డారు. అది దేవుని పని కాదని అనగలమా?

యంత్రం మేలా, కీడా?

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి ఉంది. యంత్రం వస్తే పేదవాడి పని పోదా అని.

ఇది పాత ప్రశ్నే. 1589లో ఇంగ్లాండులో కాల్వర్టన్ గ్రామ పాదిరి విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. చేతితో అల్లి బతికే పేదల పని పోతుందని ఎలిజబెత్ రాణి అతనికి హక్కు పత్రం ఇవ్వలేదు. అతను ఫ్రాన్సు వెళ్లి అక్కడే కన్నుమూశాడు. దాదాపు రెండు వందల ఏండ్ల తర్వాత, 1785లో, ఎడ్మండ్ కార్ట్‌రైట్ అనే ఇంకో పాదిరి మరమగ్గం చేశాడు. అతను కూడా యంత్రాల చదువు చదివినవాడు కాదు. ఆ మరమగ్గాలు పెరిగిన కొద్దీ ఇంగ్లాండులో చేతిమగ్గాల వాళ్లు ఆకలి పాలయ్యారు. మన దేశపు నేతగాళ్లకు కూడా మిల్లు బట్ట ఉరిలా బిగిసింది. మన తెలంగాణ నుంచి ఎన్ని పద్మశాలి కుటుంబాలు మగ్గం విడిచి భీవండికి, షోలాపూర్‌కు వలస పోయాయో మీకు చెప్పనవసరం లేదు. మీలో కొందరి ఇండ్లలో ఆ కథ ఉంది.

కాబట్టి యంత్రమంతా మేలని మనం చెప్పం. యంత్రం దేనిని తీసేస్తుంది అనేదే చూడాలి. మరమగ్గం నేతగాడి స్థానాన్ని తీసేసింది. ఆసు యంత్రం నేతగాడి ఇంట్లోని నొప్పిని తీసింది. కట్లు కట్టే చెయ్యి, రంగు ముంచే చెయ్యి, మగ్గం నేసే చెయ్యి అట్లనే ఉన్నాయి. వాటి నేర్పు, వాటి విలువ పోలేదు. తొమ్మిది వేల సార్లు ఆడిన చెయ్యి మాత్రం విశ్రాంతి పొందింది. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఆ యంత్రం లాభం లెక్కలోంచి పుట్టలేదు, తల్లి మీద ప్రేమలోంచి పుట్టింది. ప్రేమ ముందుగా నొప్పి ఎక్కడుందో వెతుకుతుంది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఈ యంత్రం నేతన్న కష్టాలన్నిటినీ తీర్చలేదు. నూలు ధర, రంగుల ధర అట్లనే ఉన్నాయి. పోచంపల్లి డిజైన్లను మిల్లు బట్ట మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఉన్నారు. ఒక మనిషి ఒక కష్టాన్ని తీయగలడు. మిగతావి మిగతా వాళ్ల కోసం ఉన్నాయి.

పద్దెనిమిది ఏండ్లు వంగిన నడుము

ఇప్పుడు లూకా సువార్త 13వ అధ్యాయానికి వద్దాం. పద్దెనిమిది ఏండ్లుగా నడుము వంగిపోయి, ఎంతమాత్రం నిటారుగా నిలబడలేని ఒక స్త్రీ సమాజ మందిరంలో ఉంది. ఆమె యేసును ఏమీ అడగలేదు. నన్ను బాగుచేయమని మొరపెట్టలేదు. యేసే ఆమెను చూశాడు, పిలిచాడు, చేతులుంచాడు. వెంటనే ఆమె నిటారుగా నిలబడి దేవుణ్ణి మహిమపరచింది.

ఆమె ఎందుకు అడగలేదు? పద్దెనిమిది ఏండ్లు వంగి ఉన్న మనిషికి వంగి ఉండడమే తన రూపం అనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా అంతే. సమాజ మందిరపు అధికారికి కోపం వచ్చింది, పని చేయడానికి ఆరు దినాలున్నాయి కదా, ఆ దినాల్లో రావచ్చు కదా అన్నాడు. విశ్రాంతి దినాన మీ ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకు తోలుకుపోరా, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను విప్పకూడదా అని యేసు అడిగాడు. మన ఇండ్లలో కూడా ఎద్దు కుంటితే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి పోతాం. అమ్మ కుంటితే, వయసు మీద పడింది అంటాం.

ప్రియులారా, మన సంఘంలో బీడీలు చుట్టే తల్లులు, అక్కలు ఉన్నారు. ఒడిలో చేట, చేతిలో కత్తెర, పక్కన తడిపిన తునికాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పొద్దున కూర్చుంటే మెడ ఎత్తకుండా మాపటి దాకా. చెరకు కోతకు పోయేవాళ్లున్నారు, పసుపు తవ్వి, ఏరి, ఉడకబెట్టే పనులకు పోయేవాళ్లున్నారు. ఆదివారం ప్రార్థన తర్వాత మోకాళ్ల మీదనుంచి లేవడానికి పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే తల్లులను మనం ప్రతి వారం చూస్తున్నాం. చూస్తున్నామా?

మనం సంఘంలో ఓర్పు గురించి ఎక్కువగా బోధిస్తాం. అది మంచిదే, వాక్యానుసారమే. అయితే ఓర్పు నొప్పి పడేవారికి చెప్పిన మాట. పక్కన ఉండి చూసేవారికి వాక్యం ఓర్పును చెప్పలేదు, ఒకరి భారములు ఒకరు మోయమని చెప్పింది. తల్లి తన నొప్పిని ఓర్చుకుంటే అది ఆమె భక్తి. ఆ తల్లి నొప్పిని కొడుకు ఓర్చుకుంటే అది భక్తి కాదు, అలవాటు. లక్ష్మి గారి నొప్పిని ఆమె కొడుకు ఓర్చుకోలేకపోయాడు. ఆ ఓర్చుకోలేకపోవడం లోంచే ఏడేండ్ల ఓర్పు పుట్టింది.

అప్పగింత

యవనస్తులారా, మిమ్మల్ని మూడు విషయాలు అడుగుతున్నాం.

మొదటిది, ఈ వారం ఒక పూట మీ అమ్మ పక్కన కూర్చొని ఆమె చేసే పనిని చూడండి. ఫోను పక్కన పెట్టి, చెయ్యి ఎన్నిసార్లు కదులుతుందో, నడుము ఎంతసేపు వంగుతుందో లెక్కపెట్టండి. 9000 అనే అంకె కూడా మొదట ఒకరు కూర్చొని చూస్తేనే తెలిసింది. అందరూ యంత్రం చేయలేరు. కూర్చునే పీట ఎత్తు మార్చగలరు, దీపం దగ్గరగా పెట్టగలరు, ఆమె పనిలో సగం అందుకోగలరు, డాక్టరు దగ్గరికి తీసుకుపోగలరు.

రెండోది, చదువు ఆగిపోయినవాళ్లు తమను తాము తక్కువగా ఎంచుకోవద్దు. మోటారు రిపేరు, వెల్డింగ్, కుట్టుమిషన్, కరెంటు పని మీ చేతికి వచ్చి ఉంటే అది దేవుని సన్నిధిలో చిన్న వరం కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. అయితే చదువు ఆపమని ఎవరూ దీన్ని అర్థం చేసుకోవద్దు. చదువు దొరకని మనిషి ఏడేండ్లు తడుముకోవాల్సి వచ్చింది. చదువు దొరికిన మీరు ఆ దారిని త్వరగా దాటాలి.

మూడోది పెద్దలకు. మీ ఇంట్లో ఒక పిల్లవాడు పాత మోటారు విప్పి పెట్టుకొని కూర్చుంటే, పనికిరానివాడని తోసెయ్యకండి. మల్లేశం గారిని పిచ్చివాడు అన్నవాళ్ల ఊరే తర్వాత ఆయన పేరుతో తెలిసింది.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, బెసలేలుకు నేర్పునిచ్చిన నీవే మా బిడ్డల చేతులకు నేర్పునివ్వు. వంగిన నడుమును చూసిన యేసు ప్రభువా, మా ఇండ్లలో వంగిన నడుములను చూసే కళ్లు మాకు దయచెయ్యి. బీడీల చేట ముందు, చెరకు తోటలో, మగ్గం దగ్గర అలసిపోయిన మా తల్లుల చేతులకు విశ్రాంతినివ్వు. ఆ విశ్రాంతిని మా చేతుల ద్వారా కూడా పంపించు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.